పరిమిత పాఠకుల రాతలు – బహిరంగ భాండాగారాలు: వాషింగ్టన్ నగర చిరుపత్రికలు, స్వలింగ ప్రేమికుల పత్రికల పరిరక్షణ – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో 1969 నుంచి వెలువడుతూ వచ్చిన స్వలింగ ప్రేమికుల పత్రికలూ, పంక్ సంగీతాభిమానులు సొంత ఖర్చుతో తెచ్చిన చిరుపత్రికలూ నేడు ఆ నగర ప్రజా గ్రంథాలయంలోనూ, విశ్వవిద్యాలయ సేకరణలలోనూ భద్రమవుతున్నాయి. కొద్దిమంది కోసం రాసుకున్న రాత అందరి ముందుకూ వచ్చినప్పుడు దాని అర్థమూ, దానిని చదివే పరిశోధకుని బాధ్యతా ఎలా మారతాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అచ్చుకాగితాన్ని కాపాడటంతో పరిరక్షణ పూర్తికాదనీ, ఆ కాగితం ఏ నమ్మకం మీద చేతులు మారిందో దానిని కూడా నమోదు చేయాలనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: చిరుపత్రిక, ఆర్కైవు, ఉద్దేశిత పాఠకుడు, కర్తృత్వ నిర్ణయం, మారుపేరు, వాషింగ్టన్ బ్లేడ్, పంక్ సంగీతం

1. ఉపోద్ఘాతం

పత్రికా సాహిత్య పరిశోధనకు సంచికలు దొరకడమే మొదటి సమస్య. దొరికిన సంచికను చదవడం, ఉదహరించడం, అందులోని రచయితలను గుర్తించడం ఆ తరువాతి పనులు. ఈ క్రమంలో ఒక ప్రశ్నకు సాధారణంగా చోటు ఉండదు. ఆ సంచికను తన వంటివాడు చదువుతాడని దానిని రాసినవారు ఎప్పుడైనా అనుకున్నారా అన్నదే ఆ ప్రశ్న. ప్రధాన స్రవంతి పత్రికల విషయంలో ఇది తలెత్తదు. అవి ఎవరైనా కొని చదవడానికే వెలువడతాయి. కానీ ఒక చిన్న బృందం తనలో తాను మాట్లాడుకోవడానికి అచ్చువేసుకున్న కాగితం విషయంలో ఇదే మొదటి ప్రశ్న కావలసి ఉంటుంది.

వాషింగ్టన్ నగరం ఈ పరిశీలనకు అనువైన ఉదాహరణ. ఆ నగర ప్రజా గ్రంథాలయం ఒకవైపు 'వాషింగ్టన్ బ్లేడ్' అనే స్వలింగ ప్రేమికుల పత్రిక పాత సంచికలను డిజిటల్ రూపంలో అందుబాటులోకి తెచ్చింది. మరోవైపు 2014లో 'డీసీ పంక్ ఆర్కైవు' పేరుతో స్థానిక సంగీత బృందాల రికార్డులు, ఫోటోలు, కచేరీ కరపత్రాలు, చిరుపత్రికలు సేకరించడం మొదలుపెట్టింది. నగరానికి ఆనుకుని ఉన్న మేరీలాండ్ విశ్వవిద్యాలయం కూడా రాజధాని పంక్, ఇండీ సంగీత చిరుపత్రికలతో ప్రత్యేక సేకరణను ఏర్పరచింది. ఒకే నగరంలో, ఒకే కాలంలో, వేర్వేరు అవసరాల నుంచి పుట్టిన రెండు పత్రికా రూపాలు ఈ విధంగా పక్కపక్కన చేరాయి. వాటి సామ్యభేదాలను గమనించినప్పుడే పరిరక్షణ అనే పని ఎంత మేరకు వ్యాఖ్యానం కూడా అవుతుందో తెలుస్తుంది.

2. రెండు పత్రికా రూపాలు

'ది గే బ్లేడ్' తొలి సంచిక 1969 అక్టోబరులో వెలువడింది. అది సైక్లోస్టైల్ చేసిన ఒంటి పుట. దానిని స్వలింగ ప్రేమికులు కలుసుకునే బార్లలో చేతికి చేతికి పంచిపెట్టారు. అందులో కవిత్వం లేదు, ఉపన్యాసం లేదు. డ్యూపాంట్ సర్కిల్ ప్రాంతంలో తరచు కనబడే కార్ల నంబర్లు రాసుకుని తరువాత వాటి యజమానులను బెదిరిస్తున్నారన్న హెచ్చరిక, రక్తదానానికి పిలుపు వంటి పనికివచ్చే సమాచారం ఉంది. నాన్సీ టకర్, లిల్లీ విన్సెంజ్ ఆ తొలినాళ్ల నిర్వాహకులు.

ఆ హెచ్చరిక బరువు తెలియాలంటే నగర స్వభావం తెలియాలి. వాషింగ్టన్ ప్రధానంగా ప్రభుత్వోద్యోగుల నగరం. 1953లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ జారీ చేసిన 10450వ కార్యనిర్వాహక ఉత్తర్వు స్వలింగ ప్రేమికులను ప్రభుత్వోద్యోగాల నుంచి తొలగించడానికి ఆధారమయింది. సైనిక పటాల విభాగంలో పనిచేసిన ఖగోళ శాస్త్రజ్ఞుడు ఫ్రాంక్ కామెనీ 1957లో ఉద్యోగం కోల్పోయాడు. 1961లో ఆయన మరికొందరితో కలిసి స్థాపించిన 'మాటషీన్ సొసైటీ ఆఫ్ వాషింగ్టన్' సభ్యులలో చాలామంది మారుపేర్లతోనే వ్యవహరించారు. 1975లో సివిల్ సర్వీస్ కమిషన్ తన నిబంధనలను సవరించే వరకు పేరు బయటపడటమంటే జీతం పోవడమే. ఆ ఒంటి పుట పత్రిక ఈ భయం నడుమ పుట్టింది.

ఆ తరువాత పత్రిక ఎదిగింది. సైక్లోస్టైల్ పోయి న్యూస్‌ప్రింటు వచ్చింది. 1975లో పేరులోని 'గే' పదం తొలగింది. 1980లో అది 'వాషింగ్టన్ బ్లేడ్' అయింది. 1980లలో ఎయిడ్స్ విజృంభించినప్పుడు వైద్య సమాచారానికీ, మృతుల స్మరణకూ ఆ పత్రికే ప్రధాన వేదిక అయింది. బార్ బల్ల మీది కాగితం క్రమంగా నగర చరిత్రకు దినచర్య పుస్తకంగా మారింది.

పంక్ చిరుపత్రిక దారి వేరు. 1970ల చివర, 1980ల మొదట బ్యాడ్ బ్రెయిన్స్, మైనర్ థ్రెట్ వంటి బృందాలు పాడుతున్న రోజులలో స్థానిక దినపత్రికలు ఆ సంగీతాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఆ లోటును అభిమానులే పూడ్చుకున్నారు. కత్తిరించి అతికించిన బొమ్మలు, టైపు మిషను అక్షరాలు, చేతిరాత కలగలిపి జిరాక్స్ తీసి, పిన్నులు కొట్టి కచేరీల దగ్గర నాణేలకు అమ్మారు. లేదా ఇంకో ఊరి చిరుపత్రికతో మార్చుకున్నారు. 'కేపిటల్ క్రైసిస్', 'ట్రూలీ నీడీ' వంటివి ఈ కోవలోవే. 1980లో ఇయాన్ మెకాయ్, జెఫ్ నెల్సన్ స్థాపించిన 'డిస్కార్డ్' సంస్థ రికార్డుల విషయంలో ఏ స్వావలంబనను పాటించిందో, ఈ పత్రికలు అచ్చు విషయంలో దానినే పాటించాయి. వీటిని నడిపినవారిలో అనేకులు ఇరవై ఏళ్లు కూడా నిండనివారు. అవి ఎదగాలని అనుకోలేదు. కొన్ని సంచికలకే ఆగిపోవడం వాటి విషయంలో వైఫల్యం కాదు, స్వభావం.

ఈ రెంటినీ కలిపే ఘట్టం 1991 వేసవిలో ఉంది. ఆ వేసవిలో వాషింగ్టన్‌లో 'రయట్ గర్ల్' అనే చిన్న పత్రిక వెలువడింది. మాలీ న్యూమన్, ఆలిసన్ వుల్ఫ్, కాథ్లీన్ హానా తదితరులు దీని వెనుక ఉన్నారు. పంక్ కచేరీలలో స్త్రీలకు చోటులేకపోవడం, లైంగిక హింస, స్త్రీల మధ్య స్నేహమూ ప్రేమా దీని విషయాలు. రూపంలో ఇది పంక్ చిరుపత్రిక. ప్రయోజనంలో 'గే బ్లేడ్' తొలి సంచికకు దగ్గర. బయట చెప్పుకోలేని దానిని తమలో తాము చెప్పుకోవడానికి ఏర్పరచుకున్న చోటు అది. పెద్ద పత్రికలు తమను వక్రీకరిస్తున్నాయని భావించి, ఆ ఉద్యమంలోనివారు కొంతకాలం పాత్రికేయులతో మాట్లాడటమే మానుకున్నారు. అటువంటి పత్రికలు ఇప్పుడు ఆర్కైవులలో ఉండటం విడిగా ఆలోచించవలసిన విషయం.

3. దక్కినవి, దక్కనివి

కాలం దేనిని మిగుల్చుతుందన్నది సాహిత్య విలువ మీద కంటే రూపం మీద ఎక్కువగా ఆధారపడుతుంది. వార్తాపత్రికకు తేదీ, సంపుటి, సంచిక సంఖ్య ఉంటాయి. గ్రంథాలయ సూచిక దానిని సులువుగా గుర్తిస్తుంది. చిరుపత్రికకు చాలాసార్లు తేదీ ఉండదు, ప్రచురణకర్త చిరునామా ఒక పోస్టు బాక్సు నంబరు, సంపాదకురాలి పేరు ఒక ముద్దుపేరు. సూచికకర్త గడులలో అది ఇమడదు. అందుకే అవి దశాబ్దాలపాటు గ్రంథాలయాలలో కాక అటకల మీది అట్టపెట్టెలలో బతికాయి. సింథియా కొనలీ, లెస్లీ క్లేగ్, షారన్ చెస్లో కలిసి 1988లో తెచ్చిన 'బ్యాన్డ్ ఇన్ డీసీ' అనే ఛాయాచిత్ర గ్రంథం గ్రంథాలయాల కంటే ముందే అందులో పాల్గొన్నవారే తమ చరిత్రను కూర్చుకున్నారనడానికి నిదర్శనం.

అయితే వార్తాపత్రిక రూపం కూడా పూర్తి రక్షణ కాదు. 2009 నవంబరులో 'బ్లేడ్' యాజమాన్య సంస్థ దివాలా తీసి ఒక్కసారిగా మూతపడింది. సిబ్బంది కొద్దిరోజులలోనే 'డీసీ అజెండా' అనే పేరుతో కొత్త పత్రిక మొదలుపెట్టి, 2010లో పాత పేరును తిరిగి సంపాదించుకున్నారు. నలభై ఏళ్లు ఒక సముదాయం జ్ఞాపకాలను మోసిన పత్రిక పేరు చట్టం దృష్టిలో అప్పులవాళ్లకు చెందవలసిన ఆస్తులలో ఒకటి. ప్రజా గ్రంథాలయం ఆ సంచికలను భద్రపరచడం ఎందుకు అవసరమో చెప్పడానికి వేరే వాదన అక్కరలేదు.

దక్కనివాటిని గుర్తించడం కూడా విమర్శ పనే. వాషింగ్టన్ నగరంలో పుట్టిన సంగీతమంటే నల్లజాతి ప్రజలకు ముందుగా గుర్తుకువచ్చేది పంక్ కాదు, గోగో. చక్ బ్రౌన్ పేరుతో ముడిపడిన ఆ సంగీతాన్ని 2020లో నగరపాలన అధికారిక సంగీతంగా ప్రకటించింది. గోగో ప్రధానంగా చిరుపత్రికల ద్వారా వ్యాపించలేదు; కచేరీలలో రికార్డు చేసిన క్యాసెట్లు, గోడలకు అతికించిన మెరిసే రంగుల పోస్టర్లు దాని ప్రచార సాధనాలు. స్వతంత్ర సంగీత చరిత్రను చిరుపత్రికల ఆధారంగానే రాస్తే, అచ్చు మీద ఆధారపడిన తెల్లవారి బృందాలే నగరమంతా నిండి ఉన్నట్లు కనిపిస్తుంది. బ్యాడ్ బ్రెయిన్స్ సభ్యులు నల్లజాతివారన్న ఒక్క వాస్తవం ఈ అసమానతను సరిదిద్దలేదు. నగర గ్రంథాలయం గోగో సామగ్రిని కూడా విడిగా సేకరిస్తూ ఉండటం ఈ కారణంగా ముఖ్యమైనది.

స్వలింగ ప్రేమికుల పత్రికల విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. 'బ్లేడ్' ఒక్కటే ఆ సముదాయపు గొంతు కాదు. 1970 నుంచి 2008 వరకు నడిచిన స్త్రీవాద పత్రిక 'ఆఫ్ అవర్ బ్యాక్స్', 1972లో మొదలై కొద్దికాలమే నడిచిన లెస్బియన్ బృందపు పత్రిక 'ది ఫ్యూరీస్', 1979లో సిడ్నీ బ్రింక్లీ నల్లజాతి స్వలింగ ప్రేమికుల కోసం స్థాపించిన 'బ్లాక్‌లైట్' అదే నగరంలో వెలువడ్డాయి. వాటిని పక్కన పెట్టుకుని చదివినప్పుడే 'బ్లేడ్' ఏమి చెప్పిందో, ఏమి చెప్పలేదో తేటపడుతుంది. పూర్తిగా దొరికే పత్రిక మీదనే పరిశోధనలు పెరగడం, అరకొరగా దొరికే పత్రిక పాదసూచికలలో మిగిలిపోవడం ఏ భాషలోనైనా జరిగేదే. అందుబాటును ప్రాధాన్యంగా పొరబడకూడదు.

4. ఉద్దేశిత పాఠకుడు – కర్తృత్వ నిర్ణయం

తెలుగు పరిశోధన సంప్రదాయంలో కర్తృత్వ నిర్ణయానికి గౌరవస్థానం ఉంది. 'క్రీడాభిరామం' వినుకొండ వల్లభరాయనిదా, శ్రీనాథునిదా అన్న చర్చలో వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పండితులు చూపిన శ్రద్ధ ఆ సంప్రదాయానికి మంచి నమూనా. ఆధునిక పత్రికల విషయంలోనూ మారుపేరు వెనుక ఉన్న అసలు రచయితను తేల్చడాన్ని పరిశోధన ఫలితంగా పరిగణిస్తారు. ఈ విలువను 'గే బ్లేడ్' మీద యథాతథంగా ప్రయోగిస్తే ఏమవుతుంది? అక్కడ మారుపేరు సాహిత్య విలాసం కాదు. ఉద్యోగాన్ని, ఇంటిని, కొన్నిసార్లు ప్రాణాన్ని కాపాడిన తెర. ఆ తెరను తొలగించడం జ్ఞానాన్ని పెంచవచ్చు. కానీ రాసినవారు ఇంకా జీవించి ఉండి, తమ కథ తాము చెప్పుకోనివారయితే, ఆ జ్ఞానానికి మూల్యం చెల్లించేది వారే కాని పరిశోధకుడు కాదు.

ఈ పత్రికలలో పేర్లు ఒకే రకంగా కనిపించవు. వాటిని నాలుగు విధాలుగా విభజించి చూడవచ్చు.

మొదటిది ప్రకటిత నామం. కామెనీ తన పేరుతోనే మాట్లాడాడు. 1965లో శ్వేతసౌధం ఎదుట ముఖం దాచుకోకుండా నిరసనకు నిలబడ్డాడు. ఆయన పత్రాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు చేరాయి. ఇక్కడ పేరు చెప్పడమే రాజకీయ చర్య కనుక, ఆ పేరును ఉదహరించడం ఆయన ఉద్దేశాన్ని గౌరవించడమే. రెండవది రక్షక నామం, అంటే మారుపేరు. మూడవది స్మరణ నామం. ఎయిడ్స్ కాలపు మృతుల ప్రకటనలలో కనిపించే పేర్లు ఇవి. సొంత కుటుంబాలు మరణ కారణాన్ని దాచిన సందర్భాలలో కూడా స్నేహితులు ఆ పేర్లను అచ్చువేసి దుఃఖాన్ని బహిరంగపరచారు. వాటిని చెరిపివేయడం మృతులకు రెండోసారి మరణశాసనం రాయడం వంటిది. నాలుగవది బృంద నామం. చిరుపత్రికలలోని ముద్దుపేర్లు, ఇంటిపేరు లేని పిలుపులు ఈ కోవకు చెందుతాయి. కచేరీకి వచ్చే వంద మందికి ఆ పేరు ఎవరిదో తెలుసు. బయటి ప్రపంచానికి తెలియదు. పదహారేళ్ల అమ్మాయి తనపై జరిగిన దౌర్జన్యాన్ని ఆ పేరుతో రాసినప్పుడు, ఆ వంద మంది హద్దే ఆమె ధైర్యానికి ఆధారం.

ఈ నాలుగింటికీ ఒకే నియమం వర్తించదు. పేర్లన్నీ దాచాలనే నియమం మొదటి, మూడవ రకాలకు అన్యాయం చేస్తుంది. అన్నీ వెల్లడించాలనే నియమం రెండవ, నాలుగవ రకాలకు ద్రోహం చేస్తుంది. ఏ పేరు ఏ కోవకు చెందుతుందో పాఠాన్ని శ్రద్ధగా చదివితేనే తెలుస్తుంది. అందుచేత ఇది నియమావళికి మాత్రమే వదిలేయదగిన విషయం కాదు, సాహిత్య విమర్శకు చెందిన విషయం.

5. అందుబాటు అనే సమస్య

కాగితం మీది సంచికకు సహజమైన మరుగు ఉంటుంది. దానిని చూడాలంటే గ్రంథాలయానికి వెళ్లాలి, పుటలు తిరగేయాలి, ఓపిక పట్టాలి. డిజిటల్ ప్రతిలో పదాల వెతుకులాట సాధ్యమైనప్పుడు ఆ మరుగు పోతుంది. ఒక పేరు టైపు చేస్తే నలభై ఏళ్ల నాటి చిన్న ప్రకటన క్షణంలో బయటపడుతుంది. చదవడానికీ వెతకడానికీ ఉన్న ఈ భేదం చిన్నది కాదు. చదివేవాడికి సందర్భం దొరుకుతుంది; వెతికేవాడికి పేరు మాత్రమే దొరుకుతుంది.

దీనికి స్పష్టమైన ఉదాహరణ వాషింగ్టన్‌ది కాదు, శాన్‌ఫ్రాన్సిస్కోది. అక్కడ 1984లో మొదలైన 'ఆన్ అవర్ బ్యాక్స్' లెస్బియన్ శృంగార పత్రిక. దాని సంచికలను 'రివీల్ డిజిటల్' అనే సంస్థ అందరికీ అందేలా డిజిటల్ రూపంలో పెట్టింది. అందులోని స్త్రీలు అచ్చు పత్రికకు అంగీకరించారే కాని ఈ విధమైన ప్రదర్శనకు కాదని టారా రాబర్ట్‌సన్ అనే గ్రంథపాలకురాలు ప్రశ్న లేవనెత్తింది. 2016లో ఆ సంస్థ సంచికలను ఉపసంహరించుకుంది. కాపీహక్కు ఒకటి, సమ్మతి మరొకటి అన్న తేడాను ఈ వివాదం గ్రంథాలయ రంగం ముందుంచింది.

మరో మార్గమూ ఉంది. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలోని ఫేల్స్ గ్రంథాలయంలో లీసా డార్మ్స్ చేపట్టిన 'రయట్ గర్ల్' సేకరణ చదువు గదిలో మూలప్రతులను చూసే పరిశోధకులకే ప్రాధాన్యమిచ్చింది. కేట్ ఐక్‌హార్న్ తన 2013 నాటి గ్రంథంలో ఈ సేకరణను చర్చిస్తూ, అది గతం మీది మమకారంతో పుట్టినది కాదనీ, ఆ పత్రికలను కళా సాహిత్య ప్రయోగాల సరసన నిలిపి వాటి స్థానాన్ని మార్చిందనీ వాదించింది. ఈ వాదన విలువైనదే. కాని దానిని మరికొంత ముందుకు తీసుకువెళ్లాలి. విశ్వవిద్యాలయ తలుపు దాటగలిగినవారికే దొరికే పత్రిక, ఒకప్పుడు నాణెం ఇచ్చి కొనుక్కున్న అమ్మాయి వంటివారికి ఇప్పుడు దొరకదు. రక్షణ పేరుతో కట్టిన గోడ వర్గపు గోడ కూడా అవుతుంది. బహిరంగ డిజిటల్ ప్రతి రాసినవారిని బలి పెట్టవచ్చు. మూసిన చదువు గది చదవవలసినవారిని దూరం చేయవచ్చు.

ఈ చిక్కును వాషింగ్టన్ ప్రజా గ్రంథాలయపు పంక్ సేకరణ కొంతవరకు వేరేగా ఎదుర్కొంది. అది సేకరణతో పాటు గ్రంథాలయంలోనే స్థానిక బృందాల కచేరీలు నిర్వహించింది. పాత పత్రికలను ఇచ్చినవారూ, వాటిని ఇప్పుడు చదవాలనుకునేవారూ ఒకే గదిలో కలిశారు. ఇది వినోద కార్యక్రమంగా కనిపించినా, పద్ధతి దృష్ట్యా గమనించదగినది. దాత పత్రికలు అప్పగించి వెళ్లిపోకుండా సేకరణతో సంబంధం నిలుపుకున్నప్పుడు, ఏది చూపవచ్చు, ఏది కొంతకాలం ఆగాలి అన్నది అడిగి తెలుసుకోవడానికి మనిషి ఉంటాడు.

6. తెలుగు పరిశోధనకు అన్వయం

తెలుగులో లిఖిత పత్రికలకూ, ఉద్యమ కాలాల సైక్లోస్టైల్ కాగితాలకూ సుదీర్ఘ చరిత్ర ఉంది. 1918లో వేటపాలెంలో ఏర్పడిన సారస్వత నికేతనం వంటి గ్రంథాలయాలు పాత పత్రికలను కాపాడి పరిశోధనకు ఊపిరి పోశాయి. అయితే అచ్చయి, పేరు పెట్టుకుని, చందాదారులకు చేరిన పత్రికలకు దొరికిన రక్షణ చేతికి చేతికి మారిన కాగితాలకు దొరకలేదు. భారతదేశంలో 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు వెలువడే వరకు శిక్షాస్మృతి 377వ సెక్షను పరస్పర సమ్మతితో జరిగే స్వలింగ సంబంధాన్ని కూడా నేరంగానే ఉంచింది. 1990లో ముంబయిలో అశోక్ రావ్ కవి ప్రారంభించిన 'బాంబే దోస్త్' ఆ నీడలోనే నడిచింది. ఆ దశాబ్దాల ఉత్తరాలను, కరపత్రాలను, వార్తాలేఖలను తెలుగు నేల మీద సేకరించబోయే పరిశోధకునికి వాషింగ్టన్ అనుభవం నేరుగా పనికివస్తుంది.

ఆ అనుభవం నుంచి మూడు పద్ధతులను స్వీకరించవచ్చు. సంచికతో పాటు దాని ప్రయాణాన్ని నమోదు చేయాలి: ఎన్ని ప్రతులు, ఎక్కడ పంచారు, ఎవరి నుంచి ఎవరికి వచ్చింది. పేరును ఉదహరించే ముందు అది పైన చెప్పిన నాలుగింటిలో ఏ రకమో నిర్ణయించుకోవాలి. నిర్ణయించలేనప్పుడు పేరు లేకుండానే వాదాన్ని నిలబెట్టాలి. దొరకని పత్రికల జాబితాను దొరికిన వాటి జాబితా సరసనే ఇవ్వాలి. మూడవది ముఖ్యంగా విస్మరణకు గురవుతున్నది. లేనివాటి పట్టిక లేకపోతే ఉన్నవే సమస్తమన్న భ్రమ కలుగుతుంది.

7. ముగింపు

ఆర్కైవు పాత కాగితాల గిడ్డంగి కాదు. అది కొత్త పాఠకుని సృష్టిస్తుంది. 1969లో బార్ బల్ల మీద ఆ ఒంటి పుటను అందుకున్నవాడు హెచ్చరికగా చదివాడు. నేటి పరిశోధకుడు సాక్ష్యంగా చదువుతున్నాడు. మొదటివాడికి ఆ కాగితం వల్ల ప్రమాదం ఉండేది, రెండవవాడికి లేదు. ప్రమాదం లేని పాఠకునికి బాధ్యత ఎక్కువ. ఈ పత్రికలను కాపాడకపోతే భయపడుతూనే మాట్లాడిన మనుషుల చరిత్ర పోతుంది. విచక్షణ లేకుండా బయటపెడితే వారు ఎవరికి భయపడ్డారో ఆ చూపే మళ్లీ వారి మీద పడుతుంది. ఈ రెండు నష్టాలనూ ఏకకాలంలో దృష్టిలో ఉంచుకోవడమే పత్రికా పరిశోధనకు ఇప్పుడు కావలసిన క్రమశిక్షణ.